గుడ్డు, కోడి, పాలు ఎక్కడి నుంచి వచ్చాయో తెలుసుకొని కొనడం ఎలా?

గుడ్ల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్ దేశంలో మొదటి స్థానంలో ఉంది. తెలంగాణ కూడా ముందు వరుసలోనే ఉంది. తణుకు, అనపర్తి వైపు వెళ్లినవారికి పొలాల మధ్య స్తంభాల మీద లేచిన పొడవాటి షెడ్లు, వాటిలో బారులు తీరిన ఇనుప తీగల బోనులు కనబడతాయి. ఒక్కో బోనులో నాలుగైదు కోళ్లుంటాయి, ఒక కోడి వంతుకు వచ్చే చోటు ఏ4 కాగితమంత కూడా ఉండదు. పద్దెనిమిది, ఇరవై వారాల వయసులో గుడ్లు పెట్టడం మొదలుపెట్టిన కోడి దాదాపు ఏడాదిన్నర వయసు దాకా అక్కడే నిలబడి ఉంటుంది. అది రెక్కలు పూర్తిగా చాపదు, మట్టిలో పొర్లదు, గుడ్డు పెట్టే వేళ చాటు వెతుక్కోవడానికి దానికి చోటు ఉండదు. చివరికి లేయర్ కోడిగా, అంటే గుడ్ల కోసం పెంచిన కోడిగా, తక్కువ ధరకు మాంసానికి పోతుంది. గుడ్డు చవకగా దొరికి పేదవాడి కంచంలోకీ, అంగన్‌వాడీ పిల్లల కంచంలోకీ చేరింది కూడా ఈ ఏర్పాటు వల్లే. కనుక కింద చెప్పే పనులన్నీ కొనే శక్తి కాస్త ఉన్న ఇళ్లకు మాత్రమే వర్తిస్తాయి. అంగన్‌వాడీ గుడ్డు మీద ఆధారపడే తల్లిని ఈ చర్చలోకి లాగడం న్యాయం కాదు.

1. ముందుగా మీ ఇంటి లెక్క వేయండి

ఒక కాగితం తీసుకొని, మీ ఇంట్లో వారానికి ఎన్ని గుడ్లు, ఎన్ని కిలోల మాంసం, ఎన్ని లీటర్ల పాలు వాడుతున్నారో రాయండి. తరువాత వాటిని జంతువుల సంఖ్యలోకి మార్చండి. నలుగురున్న ఇంట్లో మనిషికి రోజుకొక గుడ్డు చొప్పున ఏడాదికి 1,460 గుడ్లవుతాయి. ఫారంలో ఒక లేయర్ కోడి ఏడాదికి 300 గుడ్లు, కొన్నిసార్లు అంతకు కొంచెం ఎక్కువ పెడుతుంది కాబట్టి, మీ ఇంటి కోసం ఏడాది పొడవునా బోనులో ఉండేవి సుమారు అయిదు కోళ్లు. అదే ఇంట్లో వారానికొక కిలో చికెన్ వండితే, రెండు కిలోల కోడిని చర్మం తీసి కొట్టించినప్పుడు దాదాపు 1.3 కిలోల మాంసం వస్తుందనుకున్నా, ఏడాదికి నలభై కోళ్లు లెక్కకు వస్తాయి. అంతే బరువు వేట మాంసానికి నాలుగైదు మేకలు చాలు. రొయ్యల లెక్క ఇంకా వేరు: వ్యాపారులు 50 కౌంట్ అన్నారంటే కిలోకు యాభై రొయ్యలు తూగుతాయని అర్థం.

ఈ లెక్క చేతిలో ఉంటే ఎక్కడ మొదలుపెట్టాలో తెలుస్తుంది. మటన్ మానేసి చికెన్‌కు మారినవారు జీవహింస తగ్గించామని అనుకుంటారు గాని, సంఖ్య చూస్తే అది దాదాపు పది రెట్లు పెరిగింది. పైగా మన ప్రాంతంలో మేకలు, గొర్రెలు ఇప్పటికీ ఎక్కువగా మందలుగా బయట తిరిగి మేసేవే. షెడ్డులో పుట్టి షెడ్డులోనే పోయేవి కోళ్లు. ఎర్ర మాంసం ఆరోగ్యానికి మంచిదా కాదా అన్నది డాక్టరు చెప్పవలసిన విషయం, దాన్ని ఇందులో కలపడం లేదు.

2. గుడ్ల పెట్టె మీది మాటలను వడగట్టండి

సూపర్‌మార్కెట్‌లో గుడ్ల పెట్టె తీసుకొని దాని మీది ప్రతి మాటకూ ఒకే ప్రశ్న వేసుకోండి: ఇది కోడి ఉన్న చోటు గురించి చెబుతోందా, గుడ్డు గురించి చెబుతోందా? పెంకు గోధుమ రంగులో ఉండడం కోడి జాతిని బట్టి వస్తుంది. గోధుమ రంగు గుడ్లు పెట్టే జాతులను కూడా బోనుల్లోనే పెంచవచ్చు. పచ్చసొన ముదురు రంగు మేతను బట్టి వస్తుంది, మేతలో మొక్కజొన్న పెంచినా, బంతిపూల సారం కలిపినా రంగు ఎక్కుతుంది. ఒమేగా 3, హెర్బల్, ప్రోటీన్ రిచ్ వంటి మాటలన్నీ మేత గురించినవి. ‘ఫార్మ్ ఫ్రెష్’ అన్న మాటకైతే అర్థమే లేదు, ఎందుకంటే బోనుల షెడ్డు కూడా ఫారమే. ఇవన్నీ పక్కకు తీసేశాక, పెట్టె మీద బోను లేకుండా పెంచామన్న మాట, దాన్ని తనిఖీ చేసిన బయటి సంస్థ పేరు, ఫారం ఉన్న ఊరు కనబడితే ఆ పెట్టె గురించి ఇంకొంచెం ఆలోచించవచ్చు. ఈ మూడింటిలో తనిఖీ సంస్థ పేరే అన్నిటికంటే ముఖ్యమైనది. అది లేని ‘కేజ్ ఫ్రీ’ని అమ్మేవాడి మాటగానే తీసుకోండి.

విదేశాల్లో ఉన్న తెలుగువారికి ఈ పని కొంత తేలిక. ఐరోపా సమాఖ్య దేశాల్లో గుడ్డు పెంకు మీదే ఒక అంకె ముద్రిస్తారు: 0 అంటే ఆర్గానిక్, 1 అంటే బయట తిరిగినది, 2 అంటే షెడ్డు లోపల బోను లేకుండా పెంచినది, 3 అంటే బోనులోది. అక్కడ 2012 నుంచి పాత తరహా ఇరుకు బోనులను నిషేధించారు గాని, కొంచెం పెద్ద బోనులను అనుమతించారు కనుక 3వ అంకె ఇంకా కనబడుతూనే ఉంటుంది. కాలిఫోర్నియాలో 2018లో ఓటర్లు ఆమోదించిన చట్టం ప్రకారం 2022 నుంచి బోను గుడ్లు అమ్మకూడదు. ఆ చట్టాన్ని అమెరికా సుప్రీంకోర్టు 2023లో సమర్థించింది. మన దేశంలో లా కమిషన్ 2017 జూలైలో ఇచ్చిన 269వ నివేదికలో గుడ్ల కోళ్ల, మాంసపు కోళ్ల పెంపకానికి, రవాణాకు ముసాయిదా నిబంధనలు ప్రతిపాదించింది. అయితే పెంకు మీద అంకె చూసి కొనే స్థితి మనకు ఇంకా రాలేదు, అడిగి తెలుసుకోవడమే దారి.

అడగవలసిన ప్రశ్నల్లో అన్నిటికంటే పదునైనది ఒకటుంది: ‘పుంజు పిల్లలను ఏం చేస్తారు?’ గుడ్ల కోసం తీర్చిదిద్దిన జాతిలో మగపిల్ల గుడ్డు పెట్టదు, మాంసానికి తగినంత బరువూ తూగదు. అందుకని హ్యాచరీలో, అంటే గుడ్లు పొదిగించే కేంద్రంలో, పిల్లలు గుడ్డు నుంచి బయటికి వచ్చిన రోజే పెట్ట పిల్లలను వేరు చేసి, పుంజు పిల్లలను చంపేస్తారు. బోను లేని ఫారం కూడా అదే వాణిజ్య జాతి పిల్లలను అదే హ్యాచరీ నుంచి తెచ్చుకుంటే ఈ సంగతి మారదు. జర్మనీ 2022 జనవరి 1 నుంచి ఇలా చంపడాన్ని నిషేధించింది. మన దగ్గర దీనికి అందుబాటులో ఉన్న సమాధానం గుడ్డుకూ మాంసానికీ రెండింటికీ పనికొచ్చే జాతులు. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసం రూపొందించిన వనరాజా అటువంటిది. అందులో పుంజులను మాంసానికి పెంచుతారు, పారేయరు. పెంపకందారు ఈ ప్రశ్నకు తడుముకోకుండా జవాబు చెప్పగలిగితే మిగతా ప్రశ్నలు కూడా ధైర్యంగా అడగవచ్చు: రాత్రి కూర్చోవడానికి కర్రలున్నాయా, గుడ్డు పెట్టడానికి గూళ్లున్నాయా, ముక్కు కత్తిరించారా, గుడ్లు ఉడిగిన కోళ్లు ఎక్కడికి పోతాయి?

బోను లేని గుడ్డు ధర మామూలు గుడ్డుకు రెట్టింపు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే ఉంటుంది. అదే డబ్బుకు సగం గుడ్లు కొని, మిగతా రోజుల్లో పెసరట్టు, ఉడికించిన శనగలు, అలసందల వడలు, ఉలవచారు వంటివి పెట్టుకోవడం నాకు సబబుగా తోస్తుంది. మాంసకృత్తుల కోసం అరకొరగా తినవలసిన పరిస్థితి తెలుగు వంటింటికి ఏనాడూ లేదు. పప్పు లేకుండా మనకు భోజనం ఎక్కడుంది?

3. చికెన్ విషయంలో ఇంజెక్షన్ భయాన్ని వదిలి, అసలు సంగతి అడగండి

‘బాయిలర్ కోడికి ఇంజెక్షన్లు ఇచ్చి ఉబ్బిస్తారు’ అన్న మాట ప్రతి ఊళ్లోనూ వినబడుతుంది. ఆరేడు వారాల్లోపే రెండు కిలోలు దాటే కోడిని చూస్తే అలా అనిపించడం సహజమే గాని, ఆ వేగం హార్మోన్ల వల్ల వచ్చింది కాదు, తరతరాలుగా సాగిన జాతి ఎంపిక వల్ల, మేత వల్ల వచ్చింది. కెనడాలో 1957 నాటి జాతినీ 2005 నాటి జాతినీ ఒకే మేతతో పక్కపక్కనే పెంచి చూసినప్పుడు, 56 రోజులకు మొదటిది 905 గ్రాములు తూగితే రెండవది 4,202 గ్రాములు తూగింది. కనుక ‘హార్మోన్లు లేవు’ అని రాసిన చికెన్‌కు ఎక్కువ ధర పెట్టకండి. అసలు కష్టం ఆ కోడి ఎముకల్లో ఉంది: ఛాతీ మాంసం పెరిగినంత వేగంగా కాళ్లు బలపడవు, చివరి వారంలో చాలా కోళ్లు నడవడం తగ్గించి కూర్చునే ఉంటాయి, కింద పరిచిన ఊక తడిసి ఉంటే అందులోని అమ్మోనియా వాటి పాదాలనూ మోకాళ్లనూ కాలుస్తుంది.

ఆ కాలిన గుర్తులను దుకాణం దగ్గరే మీ కళ్లతో చూడవచ్చు. బోనులో ఉన్న కోడి పాదం అడుగు భాగాన్ని, కాలు వెనుక కీలు దగ్గరి చర్మాన్ని గమనించండి. నల్లగానో ముదురు గోధుమ రంగులోనో పొక్కులు, పుండ్లు కట్టి ఉంటే ఆ కోడి తన చివరి రోజులను తడి ఊక మీద కూర్చొని గడిపిందని అర్థం. పదింటిలో ఏ ఒక్కదానికో ఉంటే అది ఆ కోడి సమస్య కావచ్చు, ఎక్కువ కోళ్లకు ఉంటే అది షెడ్డు సమస్య. ఫారం వరకూ వెళ్లే అవకాశం దొరికితే గుప్పెడు ఊక తీసి పిసకమని రైతును అడగండి: పొడిపొడిగా రాలిపోతే మంచిది, ముద్దగా నిలిచిపోతే తేమ ఎక్కువగా ఉన్నట్లు. షెడ్డు పక్కన నిలబడగానే కళ్లు మండితే ఇక పిసికి చూడవలసిన పని కూడా లేదు.

అయితే రైతు మిమ్మల్ని లోపలికి రానివ్వకపోతే ఏదో దాస్తున్నాడని అనుకోకండి. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ బయటపడి వేలాది కోళ్లను చంపి పూడ్చవలసి వచ్చింది. బయటివారి చెప్పులతో రోగం లోపలికి వస్తుందన్న భయం నిజమైనదే. మన షెడ్లకు పక్కల గోడ బదులు జాలీయే ఉంటుంది కాబట్టి కొంత దూరం నుంచి చూడడానికి అనుమతి అడగండి. ఎండాకాలమైతే పక్కలకు తడి గోనెపట్టాలు కట్టారా, ఫ్యాన్లు, నీటి తుంపర్లు ఉన్నాయా అని చూడండి, ఎందుకంటే మే నెల వడగాడ్పులకు ముందుగా కూలిపోయేది బరువెక్కిన బ్రాయిలర్ కోడే.

ఇంకొక సంగతి కూడా తెలిసి ఉండాలి. చాలా చోట్ల బ్రాయిలర్ రైతు కోళ్ల యజమాని కాడు. పిల్లలు, మేత, మందులు కంపెనీ ఇస్తుంది. షెడ్డు, కరెంటు, నీళ్లు, కూలి రైతువి. బ్యాచ్ పూర్తయ్యాక కిలోకు ఇంత చొప్పున పెంపకం చార్జీ చేతికి వస్తుంది. ఏ జాతి పెంచాలో, చదరపు అడుగుకు ఎన్ని పిల్లలను దింపాలో, ఏ రోజు పట్టుకుపోవాలో అతని చేతిలో ఉండదు. అందుచేత మీ ఫిర్యాదును, మీ ప్రశ్నను పేరు ముద్రించి అమ్మే కంపెనీకి పంపాలి, షెడ్డు రైతు మీద చూపడం వల్ల ప్రయోజనం లేదు. కంపెనీకి రాసేటప్పుడు యాంటీబయాటిక్స్ గురించి తప్పక అడగండి: జబ్బు వచ్చినప్పుడు మాత్రమే ఇస్తారా, పెరుగుదల కోసం మేతలో కలుపుతారా, మందు ఆపాక ఎన్ని రోజులు గడిచాక అమ్ముతారు? మనుషుల్లో మొండి ఇన్ఫెక్షన్లకు చివరి అస్త్రంగా దాచుకున్న కోలిస్టిన్‌ను కోళ్ల మేతలో కలపడం ఎంతగా పెరిగిందంటే, 2019 జూలైలో కేంద్రం దాన్ని ఆహార జంతువులకు వాడకుండా నిషేధించవలసి వచ్చింది.

4. ‘నాటు కోడి’ అన్న పేరును పరీక్షించండి

పట్టణంలో నాటు కోడి అని బోర్డు పెట్టి అమ్మేవన్నీ పెరట్లో తిరిగినవి కావు. సంకర జాతి పిల్లలను షెడ్డులోనే రెండు మూడు నెలలు పెంచి ఆ పేరుతో అమ్మడం ఇప్పుడు మామూలయింది. గంపలోని కోళ్లన్నీ ఒకే వయసు, ఒకే బరువు, దాదాపు ఒకే తీరులో ఉంటే అవి ఒక బ్యాచ్‌గా దిగినవి. ఊళ్లో ఇల్లిల్లూ తిరిగి కొనుక్కొచ్చిన కోళ్లలో చిన్నా పెద్దా, రంగురంగులవి కలిసి ఉంటాయి, మట్టి గీరి గీరి వాటి గోళ్లు అరిగి ఉంటాయి.

పెరటి కోడి జీవితం కూడా పూలపాన్పు కాదు. కుక్కలు, గద్దలు, ముంగిసలు పిల్లలను ఎత్తుకుపోతాయి, కొక్కెర తెగులు వచ్చిందంటే ఊళ్లోని కోళ్లన్నీ ఒక్క వారంలో తుడిచిపెట్టుకుపోతాయి. కాబట్టి పెంచే ఆమెను టీకాలు వేయించారా అని అడగండి, లేదంటే పశువైద్యశాలలో అడిగి వేయించమని చెప్పండి. ఏడాది పొడవునా కొంటామని మాట ఇచ్చి ఒకే ఇంటి నుంచి కొనడం, ధరలో బేరమాడకపోవడం ఈ మొత్తం వ్యవహారంలో మీరు చేయగల అత్యంత ఉపయోగకరమైన పని అని నా అభిప్రాయం. పెంపకం ఎలా సాగుతోందో ప్రతిసారీ మీకు కనబడుతూనే ఉంటుంది, ప్రత్యేకంగా తనిఖీ అక్కరలేదు. సంక్రాంతి పందేలకు కత్తులు కట్టి దింపడానికి పెంచిన పుంజును మాత్రం బాదం పప్పులు తిని పెరిగిందన్న కారణంతో మెచ్చుకోలేము.

5. కోయించే చోట రెండు విషయాలు పట్టించుకోండి

కాళ్లు కట్టి, తలకిందులుగా బండి హ్యాండిల్‌కు వేలాడదీసి కోళ్లను తీసుకుపోవడం మనకు ఎంత అలవాటైపోయిందంటే అది నేరమన్న ఊహే రాదు. 1960 నాటి జంతు హింస నివారణ చట్టంలోని 11వ సెక్షన్ ప్రకారం అనవసరమైన బాధ కలిగేలా జంతువును మోసుకుపోవడం నేరమే. మీరు ప్రాణమున్న కోడిని ఇంటికి తీసుకువెళ్లవలసి వస్తే గంపలోనో గాలి ఆడే పెట్టెలోనో పెట్టమనండి.

రెండవది కోసే పద్ధతి. మెడ కోసి, కొట్టుకుంటున్న కోడిని డ్రమ్ములో విసిరేసే దుకాణం కంటే, రేకు గరాటులో తలకిందులుగా పెట్టి పదునైన కత్తితో కోసి, రక్తం కారి కదలిక పూర్తిగా ఆగేదాకా అక్కడే ఉంచే దుకాణం మేలు. వేడినీళ్లలోకో ఈకలు పీకే యంత్రంలోకో కోడి వెళ్లేది కదలిక ఆగాకేనా అన్నది తప్పక చూడండి. రద్దీగా ఉండే ఆదివారం పొద్దున ఈ నిదానం ఎవరికీ ఉండదు. శనివారం సాయంత్రం కొని ఫ్రిజ్‌లో పెట్టుకుంటే కోసేవాడికీ తీరిక దొరుకుతుంది.

6. శాకాహారులు పాల దగ్గర ఆగండి

మాంసం ముట్టని ఇళ్లలో ఈ చర్చ తమది కాదని అనుకోవడం చూస్తుంటాము. గేదె ఈనితేనే పాలు, ఈనిన వాటిలో సగం దున్నదూడలు. ట్రాక్టరు వచ్చాక వాటితో పొలంలో పనిలేదు, పాలు పట్టి పెంచితే రైతుకు నష్టం, కనుక చాలా దూడలు అర్ధాకలితోనే పోతాయి, లేదా మాంసానికి పోతాయి. దూడ లేకపోతే గేదె చేపదు, అంటే పాలు దించదు. అప్పుడు చేపించడానికి ఆక్సిటోసిన్ సూది వేస్తారు. డాక్టరు చీటీ లేకుండా ఆ మందు అమ్మకూడదు, పాలు దిగడానికి ఆరోగ్యానికి చెరుపు చేసే పదార్థాన్ని పశువుకు ఎక్కించడాన్ని పైన చెప్పిన చట్టంలోనే 12వ సెక్షన్ నేరంగా పేర్కొంది.

ఇంటికి పాలు పోసే వ్యక్తి ఉంటే ఒకసారి పితికే వేళకు వెళ్లండి. దూడను ముందు విడిచి, కాసేపు కుడవనిచ్చి, ఆ తరువాత పితుకుతున్నారా? పాకలో ఎన్ని పెయ్యదూడలున్నాయి, ఎన్ని దున్నదూడలున్నాయి? రెండో రకం ఒక్కటీ కనబడకపోతే ఏమయ్యాయని అడగండి. ప్యాకెట్ పాలు వాడేవారికి ఈ సౌకర్యం లేదు, ఎందుకంటే వందల ఊళ్ల పాలు ఒకే ట్యాంకరులో కలుస్తాయి. వారు వాడకం తగ్గించడం ఒక్కటే చేయగలరు: రోజుకు నాలుగు కాఫీలను రెండు చేసుకోవడం, పనీర్‌కు బదులు మీల్ మేకరో శనగలో వండడం వంటివి.

7. పెద్ద వంటల రోజును ముందే చూసుకోండి

ఏడాదంతా ఇంట్లో జాగ్రత్తపడి, ఒక్క రిసెప్షన్‌తో అదంతా చెల్లు చేసుకోవడం సులభం. మూడు వందల మందికి మనిషికి 200 గ్రాముల చొప్పున చికెన్ వండిస్తే 60 కిలోలు, అంటే సుమారు నలభై ఆరు కోళ్లు. మొదటి లెక్కలోని కుటుంబం ఏడాదికి తినేదానికంటే ఇది ఎక్కువ. బిర్యానీ, వేపుడు, కూర, రొయ్యలు అన్నీ పెడితే అతిథి ఒకటి రెండు తిని మిగతావి విస్తట్లో వదిలేస్తాడన్నది వడ్డించేవారందరికీ తెలిసిన సంగతే. వంట మేస్త్రీతో జాబితా రాయించేటప్పుడే మాంసపు వంటకం ఒక్కటే అని చెప్పండి, దాన్ని మాత్రం బాగా చేయించండి, పక్కన గుత్తివంకాయ, ఉలవచారు, పనస పొట్టు కూర వంటివి ధారాళంగా పెట్టించండి.

ఆ ఒక్క వంటకానికి పెరటి పుంజులే కావాలనుకుంటే వారం ముందు తిరిగితే దొరకవు. వనరాజా పుంజు వంటకు తగిన బరువు రావడానికి కనీసం పది, పన్నెండు వారాలు పడుతుంది, ఒక్కో ఇంట్లో ఉండేవి పదో పదిహేనో. ముహూర్తం పెట్టుకున్న వారంలోనే పెంచేవాళ్లు నలుగురైదుగురితో మాట్లాడి, పిల్లల ఖర్చుకు బయానా ఇచ్చి, తేదీ రాసిచ్చి రండి.